పల్చటి ఫ్లీస్ ఆ చలికి ఆగుతుందా? నడిమి పొర ఎంపికపై నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చలికాలంలో ఆరు రోజుల కొండ నడకకు మొదటిసారి వెళ్తున్నారు. పగలు సున్నాకీ 5 డిగ్రీలకీ మధ్య నడవాలి, రాత్రి మైనస్ 10 వరకు పడిపోతుంది. ఒంటికి తగిలే థర్మల్ చొక్కా, వాన జాకెట్, ఈకలు నింపిన డౌన్ జాకెట్ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వీటి మధ్యన వేసుకోవడానికి ఒక ఫ్లీస్, అంటే నూగు తేలిన పాలిస్టర్ జాకెట్, కావాలి. చూసినవాటిలో తేలికవి మరీ పల్చగా, వెలుతురు కనబడేంత వదులు అల్లికతో ఉన్నాయి. ఇంత పల్చటి బట్ట ఆ చలికి ఏమి ఆగుతుందని మీ సందేహం. మందమైనది కొనాలా, పల్చటిది సరిపోతుందా, కొనేముందు ఏమేమి చూడాలి అని అడిగారు.

ముందు జవాబు చెబుతాను. పల్చటిదే కొనండి. 100 తరగతి (చదరపు మీటరు బట్ట సుమారు 100 గ్రాములు తూగే) మామూలు ఫ్లీస్ అయినా సరే, లోపలివైపు చిన్న చిన్న గళ్ళు తేలి ఉండే గ్రిడ్ ఫ్లీస్ అయినా సరే. జాకెట్ మొత్తం బరువు 250 నుంచి 350 గ్రాముల మధ్య ఉండాలి. ఒంటికి దగ్గరగా కూర్చోవాలి. మెడ దగ్గరి నుంచి కనీసం రొమ్ము కింది దాకా తెరుచుకునే జిప్ ఉండాలి. గాలిని ఆపడానికి మధ్యలో ప్లాస్టిక్ పొర అతికించినది మాత్రం వద్దు. మీరు వెలుతురు కనబడుతోందని భయపడ్డారే, ఆ వదులు అల్లికే మీకు కావలసింది.

నేను పదిహేనేళ్ళుగా చలికాలపు నడకలకు చిన్న చిన్న బృందాలను వెంట తీసుకువెళ్తున్నాను. మొదటిసారి వచ్చేవాళ్ళలో చాలామంది చలిని తలచుకుని బట్టలు కొంటారు. కొండ మీద వాళ్ళను నిజంగా వణికించేది మాత్రం చెమట. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిందంటే ఫ్లీస్ ఎంపిక సగం అయిపోయినట్టే. అందుకే కారణం కొంచెం విస్తరించి చెబుతాను.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. అదే మనిషి వీపున సంచి మోస్తూ ఎత్తు ఎక్కుతుంటే ఆ వేడి ఐదు రెట్లు దాటుతుంది. అంటే నడిచేటప్పుడు మీరే ఒక కుంపటి. ఆ వేడిని బయటికి పోనివ్వకుండా మందమైన బట్ట కప్పితే ఒంటికి తెలిసిన దారి ఒక్కటే, చెమట పట్టించడం. ఎక్కుతున్నంతసేపూ ఆ తడి బాధ తెలియదు. ఆగిన తరువాత మొదలవుతుంది. ఒక గ్రాము నీరు చర్మం మీద ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ళ వేడి కావాలి. మీ థర్మల్ చొక్కాలో 100 గ్రాముల చెమట ఇంకి ఉందనుకోండి, అర గ్లాసు కూడా కాదు. అది మొత్తం ఆరేందుకు 2,40,000 జౌళ్ళు పోవాలి. కూర్చున్న మనిషి 40 నిమిషాల పాటు పుట్టించే వేడి అంతా దానికే సరిపోతుంది. పైగా నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన చొక్కా మీద ఎంత ఖరీదైన డౌన్ జాకెట్ వేసుకున్నా వణుకు వెంటనే తగ్గకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి నడిమి పొర పని మీరు అనుకుంటున్నది కాదు. ఆగినప్పుడు వెచ్చగా ఉంచడం డౌన్ జాకెట్ పని. నడిచేటప్పుడు తడవకుండా ఉంచడం ఫ్లీస్ పని. ఈ రెండు పనులనూ ఒకే బట్టతో చేయించాలని చూసినవాళ్ళే ఇబ్బంది పడతారు. నేనూ మొదట్లో ఆ పొరపాటే చేశాను. నా తొలి ఫ్లీస్ 300 తరగతిది, దుప్పటిలా ఉండేది, ఆరు వందల గ్రాముల పైచిలుకు. తెల్లవారుజామున గుడారం దగ్గర అది వేసుకుంటే ఎంతో హాయిగా ఉండేది. నడక మొదలైన ఇరవై నిమిషాలకు ఉక్కపోసి విప్పేవాణ్ణి. విప్పితే ఒట్టి థర్మల్ చొక్కాకు గాలి కొట్టి చలి వేసేది. మళ్ళీ తొడిగితే మళ్ళీ ఉక్క. ఆ రోజు కనుమ ఎక్కేసరికి వీపూ చంకలూ పూర్తిగా తడిసిపోయాయి. పైన ఈదురుగాలి. పది నిమిషాలు ఆగామో లేదో, చేతివేళ్ళు జిప్ పట్టుకోలేనంతగా మొద్దుబారాయి. పక్కనే ఉన్న తోటి నడకరి చేతితో నా జాకెట్ జిప్ పైకి లాగాడు. ఆరోజు తరువాత ఆ మందపు ఫ్లీస్‌ను నడకకు ఎన్నడూ తీసుకెళ్ళలేదు.

ఫ్లీస్ ఈ పని ఎలా చేస్తుందో చూద్దాం. ఇది పాలిస్టర్ నూలుతో అల్లిన బట్ట. అల్లిన తరువాత సన్నని తీగల బ్రష్షులతో గీరి, పోగులను పైకి లేపి నూగు తెప్పిస్తారు. ఆ నూగు మధ్యన గాలి చిక్కుకుంటుంది, కదలని ఆ గాలే వెచ్చదనం. ఇప్పుడు మనం చూస్తున్న తరహా ఫ్లీస్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న మాల్డెన్ మిల్స్ అనే జౌళి మిల్లులో పుట్టింది. పాటగోనియా సంస్థ ఆ మిల్లుతో కలిసి పనిచేసి కొండలెక్కేవాళ్ళ దాకా దాన్ని చేర్చింది. ఉన్నికి బదులుగా వచ్చిన బట్ట కాబట్టి పోలిక కూడా ఉన్నితోనే పెట్టాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకోగలదు, అయినా తడిగా అనిపించదు. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం కూడా పీల్చుకోదు. నీరు పోగు లోపలికి పోదు, పోగుల సందుల్లో నిలబడుతుంది. అందుకే తడిసిన ఫ్లీస్‌ను గట్టిగా పిండి నాలుగుసార్లు దులిపితే చాలా మటుకు నీరు పోతుంది, మిగిలినది ఒంటి వేడికే ఆరిపోతుంది.

దీన్ని మీరు కళ్ళారా చూడవచ్చు. గట్టి చలిలో గంటసేపు ఎక్కిన తరువాత ఆగి, ఫ్లీస్ ముంజేతి మీద చూడండి. నూగు కొసల మీద సన్నని నీటి బిందువులు గడ్డి మీది మంచులా వరసగా నిలిచి ఉంటాయి. మరీ చలిగా ఉంటే తెల్లటి పొడిలా గడ్డకట్టి ఉంటాయి. వేలితో తుడిస్తే రాలిపోతాయి. అదే చోట చేయి లోపలికి పెట్టి చూస్తే ఒంటివైపు పొడిగా ఉంటుంది. మీ చెమట ఆవిరై బట్టను దాటి, చల్లగాలి తగిలే చోట నీరుగా మారిందన్నమాట. మందపు ఫ్లీస్‌లో ఆ నీరు బట్ట మధ్యలోనే నిలిచిపోతుంది. నేను కొత్తవాళ్ళకు ఈ బిందువులను తప్పకుండా చూపిస్తాను. ఆ ఒక్కసారి చూశాక వాళ్ళు మళ్ళీ మందం గురించి అడగరు.

ఇక రకాలు. బట్టకు 100, 200, 300 అని తరగతులు ఉండటం పాత అలవాటు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కకు స్థూలంగా దగ్గరగా ఉంటాయి. 100 అంటే పల్చనిది, 300 అంటే దుప్పటి. అన్ని జాకెట్ల మీదా ఈ అంకె ఉండదు. లేనప్పుడు జాకెట్ మొత్తం బరువు చూడండి, అది దాదాపు ఎప్పుడూ రాసి ఉంటుంది. మధ్యరకం కొలతలో 350 గ్రాములు దాటిందంటే మీ అవసరానికి మించిందని లెక్క. అయితే రెండు జేబులు, పొడవాటి జిప్, హుడ్ ఉన్నదానికి 40, 50 గ్రాములు అదనంగా రావడం సహజం, అది బట్ట మందం కాదు.

మామూలు 100 తరగతి ఫ్లీస్ రెండు వైపులా నూగుతో మెత్తగా ఉంటుంది. చౌకగా దొరుకుతుంది, పని చక్కగా చేస్తుంది. మొదటి నడకకు ఇది చాలు, దీని గురించి పెద్దగా చెప్పవలసింది లేదు.

గ్రిడ్ ఫ్లీస్ నాకు ఎక్కువ ఇష్టం. తిరగేసి చూస్తే చదరంగపు బల్లలా ఎత్తు గళ్ళు, వాటి మధ్య పల్లపు దారులు కనిపిస్తాయి. ఎత్తు గళ్ళు గాలిని పట్టి ఉంచుతాయి. పల్లపు దారుల గుండా ఆవిరి బయటికి పోతుంది. బట్ట ఒంటికి అక్కడక్కడ మాత్రమే తగులుతుంది కాబట్టి కొంచెం చెమట పట్టినా అంటుకుపోదు. ఇంకో మంచి గుణం, దీని పైవైపు నున్నగా ఉంటుంది. వాన జాకెట్ తొడిగేటప్పుడు చెయ్యి సులువుగా జారుతుంది. పైన కూడా నూగు ఉన్న ఫ్లీస్ అయితే జాకెట్ చేతిలో పట్టేసి, మోచేయి దగ్గర ముద్దగా చేరుతుంది. చలిగాలిలో చేతి తొడుగులతో ఆ ముద్దను సరిచేసుకోవడం ఎంత చిరాకో అనుభవిస్తే తెలుస్తుంది.

మూడో రకం ఈమధ్య బాగా వినిపిస్తున్నది. జల్లెడలాంటి అల్లిక మీద పొడవాటి నూగు విరివిగా లేచి ఉంటుంది. వెలుతురుకు పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళాల కోసం రూపొందించిన పోలార్‌టెక్ ఆల్ఫా బట్టకు ఇది వారసురాలు. జాకెట్ మొత్తం 200 గ్రాములకు లోపే తూగుతుంది. పైన పల్చటి గాలి జాకెట్ వేసుకుంటే దాని బరువుకు అది ఇచ్చే వెచ్చదనం చూసి ఆశ్చర్యపోతారు. నేను వేగంగా నడిచే రోజుల్లో ఇదే వాడతాను. కానీ మొదటి ఫ్లీస్‌గా మీకు దీన్ని చెప్పను. ఒంటరిగా వేసుకుంటే గాలి సూటిగా ఒంట్లోకి దూసుకువస్తుంది. ముళ్ళకంప తగిలితే పోగులు లేచివస్తాయి. సంచి పట్టీల కింద నూగు అణిగిపోయి కొన్నాళ్ళకు అక్కడ పల్చబడుతుంది. ఎప్పుడు పైన తొడగాలో, ఎప్పుడు విప్పాలో చేతికి అలవాటైనవాళ్ళకే ఇది సుఖం.

"గాలి దూరిపోతే ఇంక ఫ్లీస్ ఎందుకు?" అని మీరు అడగవచ్చు. గాలి దూరడం ఫ్లీస్‌లో లోపం అనుకునే తయారీదారులే మధ్యలో పల్చటి పొర అతికించి, గాలి ఆపే ఫ్లీస్ అని అమ్ముతారు. ఒకసారి మా బృందంలో ఒకరు అది వేసుకుని వచ్చారు. మొదటి రోజు ఆయనే అందరికన్నా సుఖంగా కనిపించారు. రెండో రోజు ఎక్కుడులో ఆయన జాకెట్ విప్పితే లోపలివైపు చేతికి తడి తగిలింది. గుడారంలో రాత్రంతా వేలాడదీసినా ఆరలేదు. పొద్దుటికి చేతుల అంచులు గట్టిపడి ఉన్నాయి. అలాంటి పొరను విడిగా, పైన వేసుకోవాలి. అవసరమైనప్పుడు వేసుకుంటారు, లేనప్పుడు తీసేస్తారు. అతికించి ఉన్నదాన్ని తీయలేరు.

గాలిని చిన్నచూపు చూడమని నా ఉద్దేశం కాదు. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 6లా తగులుతుంది. మైనస్ 10 దగ్గర అదే గాలి మైనస్ 20 దాకా లాగేస్తుంది. శిఖరాంచు మీదికి, కనుమ మీదికి చేరే ముందే, గాలి చాటున ఉండగానే పై పొర తొడుక్కోవాలి. మీ వాన జాకెట్ ఈ పని చేస్తుంది. వీలుంటే సుమారు 100 గ్రాములుండే పల్చటి గాలి జాకెట్ ఒకటి వెంట పెట్టుకోండి. వాన జాకెట్ కన్నా ఆవిరిని బాగా పోనిస్తుంది, పిడికిట్లో పట్టేంత చిన్నగా మడతపడుతుంది. పల్చటి ఫ్లీస్, దాని మీద గాలి జాకెట్, ఈ రెండూ కలిపినా మందపు ఫ్లీస్ ఒక్కదాని కన్నా తక్కువ బరువు. వెచ్చదనం మాత్రం గాలిలో దానికి రెట్టింపు అనిపిస్తుంది.

కొనేటప్పుడు నేను చేసే పరీక్షలు చెబుతాను, ఇవి ఎవరైనా చేయవచ్చు. బట్టను నోటికి ఆనించి, అవతల అరచెయ్యి పెట్టి గట్టిగా ఊదండి. ఊపిరి అరచేతికి తగలాలి. తగలకపోతే లోపల పొర ఉన్నట్టు, లేదా అల్లిక మరీ బిగువుగా ఉన్నట్టు. తరువాత ఒకచోట బట్టను బొటనవేళ్ళతో పదిసార్లు గట్టిగా రుద్దండి. అప్పుడే పోగులు ఉండలు కడుతున్నాయంటే సంచి పట్టీల కింద ఒక్క నడకకే పాతబడుతుంది. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే వెలుతురు అంతటా ఒకేలా కనబడాలి. ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా కనబడితే అల్లిక బాగాలేదని అర్థం.

కొలత చూసేటప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే. నడిమి పొర కదా, వదులుగా ఉంటే మంచిదని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. అలా చేయకండి. వదులు ఫ్లీస్‌లో మీరు కదిలినప్పుడల్లా మెడ దగ్గర, నడుం దగ్గర వెచ్చటి గాలి బయటికి పోయి చల్లటిది లోపలికి వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఒంటికి దూరంగా ఉన్న బట్ట చెమటను లాగలేదు. అలాగని బిగుతుగా ఉంటే నూగు అణిగిపోతుంది. కొలత చూడటానికి మీ థర్మల్ చొక్కా వేసుకుని వెళ్ళండి, వాన జాకెట్‌నూ డౌన్ జాకెట్‌నూ వెంట తీసుకెళ్ళండి. అన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగి చేతులు పైకెత్తండి, ముందుకు వంగి బూటు తాడు కట్టుకుంటున్నట్టు కూర్చోండి. ఫ్లీస్ అంచు నడుం పైకి లేవకూడదు. చంకల్లో పట్టేయకూడదు. చేతులు ముందుకు చాచినా మణికట్టు బయటపడకూడదు. లేబుల్ మీద ఆడవాళ్ళదనో మగవాళ్ళదనో రాసి ఉండటాన్ని పట్టించుకోవద్దు. భుజం, తుంటి సరిగ్గా కూర్చున్నదే మీది.

భుజం మీది కుట్టు ప్రత్యేకంగా చూడండి. సరిగ్గా భుజం పైభాగాన అడ్డంగా కుట్టు ఉంటే సంచి పట్టీ దాన్ని రోజంతా నొక్కుతుంది. మొదటి రోజు తెలియదు, మూడో రోజు ఎర్రగా కందిపోతుంది. చెయ్యి మెడ దాకా ఒకే ముక్కగా వచ్చిన కుట్టు అయితే ఈ బాధ ఉండదు. సంచి ఉంటే అది కూడా తగిలించుకుని చూడండి. పక్క జేబుల జిప్‌లు నడుం బెల్టు కిందికి వస్తే ఆ జేబులు ఎందుకూ పనికిరావు, పైగా ఎముక మీద ఒత్తుకుంటాయి. రొమ్ము మీద ఒక జేబు చాలు. ఫోను అందులో పెట్టుకుంటే ఒంటి వేడికి బ్యాటరీ కూడా నిలుస్తుంది.

జిప్ విషయంలో పూర్తిగా తెరుచుకునేదా, సగం దాకానా అని వాదించుకునేవాళ్ళు ఉన్నారు. నాకు సగం జిప్ ఇష్టం. బరువు తక్కువ, నడుం దగ్గర బెల్టు కింద జిప్ కొస పొడుచుకోదు. కొత్తవాళ్ళకు మాత్రం పూర్తి జిప్ సులువు, తల మీదుగా విప్పే పని ఉండదు. ఏదైనా సరే, చేతి తొడుగులతో లాగగలిగేలా కొసన తాడు ఉండాలి, గడ్డం తగిలే చోట జిప్ మీద బట్ట మడత ఉండాలి. చలిలో ఆ జిప్ పళ్ళు గడ్డానికి తగిలితే సూదుల్లా ఉంటాయి. ఎక్కుడు మొదలుకాగానే జిప్ కిందికి, గాలి తగలగానే పైకి. రోజుకు యాభైసార్లు ఈ పని చేస్తారు, బట్ట విప్పి తొడిగే అవసరం దీనివల్లే తప్పుతుంది.

హుడ్ ఉంటే తీసుకోండి. తలకు అంటుకునే పల్చటి హుడ్ టోపీ పని చేస్తుంది, మెడ వెనుక గాలి దూరే సందును మూసేస్తుంది, పడుకున్నప్పుడు జారిపోదు. హెల్మెట్ కిందికి దూరేంత పల్చగా ఉండాలి. పెద్ద వదులు హుడ్ మాత్రం సంచికీ మెడకూ మధ్య ముద్దలా పడి ఉంటుంది. చేతి చివర బొటనవేలు దూర్చే రంధ్రం ఉంటే మంచిదే, దాని కోసం వెతకనక్కరలేదు.

సాగే గుణం కోసం కొన్నింటిలో స్పాండెక్స్ కలుపుతారు. కొద్దిగా ఉంటే ఎక్కేటప్పుడు చేతులు హాయిగా కదులుతాయి, ఆరడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు పడుతుంది. నూలు, అంటే పత్తి, కలిసిన ఫ్లీస్ జోలికి అసలు పోవద్దు. చూడటానికీ తాకడానికీ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపలి లేబుల్ చదవండి. ఇంట్లో వేసుకునే మెత్తటి జాకెట్లు చాలావరకు ఇవే. తడిస్తే బరువెక్కుతాయి, చలిలో ఆరవు.

ఇప్పుడు మీ దగ్గరున్న నాలుగు పొరలతో ఒక రోజు ఎలా గడవాలో చెబుతాను, ఎందుకంటే ఎంత మంచి ఫ్లీస్ కొన్నా వాడకం తెలియకపోతే ఫలితం ఉండదు. పొద్దున బయలుదేరేటప్పుడు డౌన్ జాకెట్ విప్పి సంచిలో పైభాగాన పెట్టండి. థర్మల్, ఫ్లీస్ మాత్రమే ఒంటి మీద ఉండాలి. మొదటి పది నిమిషాలు చలి వేస్తుంది, వేయాలి కూడా. ఆ పది నిమిషాల చలిని ఓర్చుకోలేక డౌన్ జాకెట్‌తో నడక మొదలుపెట్టేవాళ్ళే అరగంటలో తడిసిపోతారు, ఆ తడి ఈకల్లోకి ఇంకితే అవి ముద్దలై రాత్రికి పనికిరావు. ఎక్కుతూ ఉంటే ముందు జిప్ దించండి, తరువాత చేతులు మోచేతుల దాకా లాక్కోండి, అప్పటికీ ఉక్కగా ఉంటే ఫ్లీస్ విప్పండి. నుదుటి మీద చెమట కనిపించేదాకా ఆగకండి, అప్పటికే ఆలస్యమైనట్టు. విశ్రాంతికి ఆగితే చలి వేసేదాకా చూడకుండా, సంచి దించగానే ఫ్లీస్ మీదనే డౌన్ జాకెట్ తొడగండి. మళ్ళీ లేచేటప్పుడు విప్పేయండి. రాత్రి ఫ్లీస్ పొడిగా ఉంటే అదే వేసుకుని పడుకోవచ్చు. తడిసిన చేతి తొడుగులను థర్మల్‌కూ ఫ్లీస్‌కూ మధ్యన, రొమ్ము మీద పెట్టుకుంటే తెల్లారేసరికి ఆరుతాయి. నేను ఏళ్ళుగా ఇలాగే ఆరబెడుతున్నాను.

పల్చటిది అందరికీ సరిపోతుందని చెప్పను. నెమ్మదిగా నడిచేవాళ్ళు, పక్షులను చూస్తూనో ఫొటోలు తీస్తూనో గంటల తరబడి నిలబడేవాళ్ళు, వయసు మీదపడినవాళ్ళు, ఊరికే చేతులూ కాళ్ళూ చల్లబడే తత్వం ఉన్నవాళ్ళు 200 తరగతి వైపు వెళ్ళడం మంచిది. నడిచేటప్పుడే మైనస్ 15 కన్నా దిగువ ఉండే చోట్లకు వెళ్తే నా సంచిలోనూ ఎక్కువే ఉంటుంది. అయితే అప్పుడు కూడా నేను ఒక మందపు ఫ్లీస్ తీసుకోను, రెండు పల్చటివి తీసుకుంటాను. రెండింటి మధ్యన ఇంకో పొర గాలి నిలుస్తుంది. ఒకటి విప్పితే సగం వెచ్చదనం మిగులుతుంది, మందపుదాన్ని సగం విప్పలేము కదా. ఒకటి తడిస్తే రెండోది ఉంటుంది. డౌన్ జాకెట్ లేనివాళ్ళకు నా సలహా మొదట అది సమకూర్చుకోమని, ఫ్లీస్ ఎంత మందంగా ఉన్నా ఆగినప్పటి చలికి దాని సాటి రాదు.

ఫ్లీస్ మానేసి రెండు థర్మల్ చొక్కాలు వేసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు, మీకూ ఆ ఆలోచన రావచ్చు. చిన్న నడకకు ఫరవాలేదు. కానీ రెండూ ఒంటికి అంటుకునే బట్టలే కాబట్టి మధ్యన గాలి పెద్దగా నిలవదు, చెమట రెండింటిలోనూ ఇంకుతుంది. పల్చటి ఉన్ని స్వెట్టర్ ఉంటే మాత్రం అది పనికివస్తుంది. ఆరడం ఆలస్యం, బరువు ఎక్కువ, కానీ వాసన పట్టదు. పాలిస్టర్ మూడో రోజుకే వాసన వేస్తుంది, ఆరు రోజుల నడకలో ఇది నిజంగానే ఇబ్బంది. అందుకే నేను ఒంటికి తగిలే చొక్కా ఉన్నిది, దాని పైన ఫ్లీస్ వేసుకుంటాను.

సంరక్షణ పెద్ద పని కాదు. తిరగేసి, చల్లటి నీటితోనో గోరువెచ్చటి నీటితోనో, కొద్దిపాటి సబ్బుతో ఉతకండి. బట్టలను మెత్తబరిచే ద్రవాలు పోయకండి, అవి పోగుల మీద జిడ్డులా పేరుకుని తేమ కదలనివ్వవు. ఇస్త్రీ వద్దు, నీడన ఆరబెట్టండి. ప్రతి ఉతుకులోనూ కంటికి కనపడని పాలిస్టర్ పోగులు నీళ్ళలో కలిసి నదుల్లోకి పోతాయి. మనం నడిచే కొండవాగుల మీద మనకు ప్రేమ ఉంది కాబట్టి అవసరమైనప్పుడే ఉతకండి, పోగులను పట్టి ఉంచే జాలీ సంచిలో వేసి ఉతికితే ఇంకా మంచిది. చలిమంట దగ్గర ఫ్లీస్‌తో కూర్చోవద్దు. పాలిస్టర్ 250 డిగ్రీల దాటాక కరిగిపోతుంది, ఒక్క నిప్పురవ్వ పడితే చుట్టూ గట్టిపడిన నల్లటి అంచుతో రంధ్రం పడుతుంది. నా గ్రిడ్ ఫ్లీస్ ఎడమ చేతి మీద అలాంటివి మూడు ఉన్నాయి, అన్నీ ఒకే సాయంత్రం పడ్డవి.

కొన్నాక నడకకు ముందే ఒక చల్లటి తెల్లవారుజామున, అసలు నడకలో మోసేంత బరువు సంచిలో వేసుకుని రెండు గంటలు ఎత్తుపల్లాలున్న దారిలో నడవండి. థర్మల్, ఫ్లీస్ మాత్రమే. గంట తరువాత ఆగి చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూడండి. వీపు ఒక్కటే తడిగా ఉంటే కంగారు పడకండి, సంచి ఆని ఉన్న చోట ఏ బట్టకైనా అంతే. రొమ్ము, చంకలు, ముంజేతులు కూడా తడిసి ఉంటే ముందు మీ వేగం తగ్గించి, జిప్ దించి ఇంకో అరగంట నడవండి. అప్పటికీ తడిగానే ఉంటే ఆ ఫ్లీస్ మీకు మందం ఎక్కువైందని అర్థం, అంతకన్నా పల్చటిది తీసుకోండి.